మనిషెక్కినాక తొక్కకూడదు

ఆరేళ్ల కిందట ఒక ఉదయం మా అమ్మ చిత్తూరు ఇంటి పెరట్లో తులసికోటకు నీళ్లు పోయబోయి కాలు జారి పడింది. ఎక్స్‌రే చూసిన డాక్టరు తుంటి దగ్గర తొడ ఎముక విరిగిందనీ, ఆపరేషన్ తప్పదనీ, తిరుపతికి తీసుకుపోవడం మంచిదనీ చెప్పారు. అందుబాటులో ఉన్న ఒక ప్రైవేటు అంబులెన్స్ మాట్లాడుకొని బయలుదేరాం. దూరం సుమారు డెబ్బై కిలోమీటర్లు. అప్పట్లో ఆ రోడ్డును వెడల్పు చేసే పనులు సాగుతుండడంతో పూతలపట్టు దాటింది మొదలు కొంత కొత్త రోడ్డు, కొంత పాత రోడ్డు, కొంత మట్టిదారి అన్నట్టుగా ఉండేది. డ్రైవరు కుర్రవాడు చురుకైనవాడే. సైరన్ వేసి, లారీలన్నిటినీ పక్కకు తప్పిస్తూ గంటలోపే తిరుపతి చేర్చాడు. ఆ గంటసేపూ అమ్మ స్ట్రెచర్ పక్కనున్న ఇనుప కడ్డీని పట్టుకొని, గుంత వచ్చినప్పుడల్లా "నాయనా, రోంత మెల్లిగా పో నాయనా" అని అరుస్తూనే ఉంది. ఆ అరుపు సైరన్ మోతలో ముందు సీటుకు చేరలేదు. పక్కనే కూర్చున్న నాకు వినిపించింది గానీ, అంబులెన్స్ అంటే వేగంగా పోవాలన్నదే నా నమ్మకం కూడా కావడం వల్ల, అద్దం తట్టి అతన్ని నిదానించమని చెప్పాలన్న ఆలోచన నాకు రాలేదు. పైగా ఆస్పత్రి గేటు దగ్గర దిగి అతని భుజం తట్టి, మాట్లాడుకున్న దానికంటే రెండు వందలు ఎక్కువ ఇచ్చాను.

పన్నెండు రోజుల తర్వాత అమ్మను తిరిగి చిత్తూరు తీసుకుపోవడానికి వచ్చిన డ్రైవరు యాభై దాటిన మనిషి. పలమనేరు వైపు పల్లె ఆయనది. సైన్యంలో ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవరుగా చేసి, అందులో కొన్నేళ్లు అంబులెన్స్ నడిపి, పింఛనుతో ఊరికి వచ్చిన తర్వాత మళ్లీ అదే పని పట్టుకున్నాడు. అమ్మను ఎక్కించక ముందే ఆయన బండి వెనకాల ఎక్కి స్ట్రెచర్ కొక్కేలను చేత్తో కదిపి చూశాడు. స్ట్రెచర్‌కూ గోడకూ మధ్య ఉన్న సందులో ఒక దుప్పటిని నాలుగు మడతలు వేసి కుక్కాడు. తర్వాత సగం నీళ్లున్న ఒక సీసాను ముందు అద్దం కింద పడుకోబెట్టి, అది దొర్లకుండా రెండు వైపులా గుడ్డ పెట్టాడు. దారి పొడవునా ఆయన చూపు రోడ్డు మీద ఎంతసేపు ఉందో, ఆ సీసాలోని నీటి గీత మీద కూడా దాదాపు అంతసేపు ఉంది. గుంత దగ్గర గేరు తగ్గించి, ఒక చక్రాన్ని దించి, అది ఎక్కిన తర్వాతే రెండో చక్రాన్ని దించేవాడు. రెండుంబావు గంటలు పట్టింది. పాకాల దాటేసరికి అమ్మ నిద్రపోయింది.

ఎందుకింత నిదానమని అడిగితే ఆయన, "ఖాళీగా పోయేటప్పుడు తొక్కొచ్చు సార్. మనిషెక్కినాక తొక్కకూడదు. మాకు నేర్పించిందే అది" అన్నాడు.

ముప్పై ఏళ్లు కాలేజీలో చరిత్ర చెప్పినవాణ్ని నేను. మొదటి ప్రపంచయుద్ధం కారణాలను, వెర్సాయ్ సంధి షరతులను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అయితే ఆ యుద్ధంలో గాయపడ్డ మనిషి కందకం నుంచి ఆస్పత్రి మంచం దాకా ఎలా చేరేవాడో, అతన్ని చేర్చినవాళ్లెవరో నేను ఒక్క క్లాసులోనూ చెప్పలేదు. పాఠ్యపుస్తకంలో లేదు గనుక నాకూ తట్టలేదు. ఆయన "మాకు" అన్న ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలనిపించి చదవడం మొదలుపెట్టాను. మన ఆర్మీ సర్వీస్ కోర్ స్వాతంత్ర్యానికి ముందు రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌గా ఉండేది. దానికి నమూనా బ్రిటిష్ సైన్యంలోని ఆర్మీ సర్వీస్ కోర్. ఈ చివరి పేరు దగ్గరే నాకు మొదటి ఆశ్చర్యం ఎదురైంది.

బ్రిటిష్ సైన్యంలో వైద్యులూ, వాళ్ల సహాయకులూ 1898లో ఏర్పడిన రాయల్ ఆర్మీ మెడికల్ కోర్‌కు చెందినవాళ్లు. వాళ్ల మోటారు అంబులెన్స్ నడిపే డ్రైవరు మాత్రం ఆ దళం వాడు కాదు. అతను సైన్యానికి రొట్టెలూ, మేతా, తూటాలూ మోసే ఆర్మీ సర్వీస్ కోర్ మనిషి, వైద్యదళానికి అరువు వచ్చినవాడు. మరొక చిక్కు కూడా ఉంది. "ఫీల్డ్ అంబులెన్స్" అని ఆనాటి పత్రాల్లో కనిపిస్తే అది బండి కాదు, సుమారు 10 మంది అధికారులూ 224 మంది ఇతరులూ ఉండే ఒక వైద్య పటాలం. నేను కొన్ని రోజులు ఆ మాటను బండి అనే అనుకొని చదివి, ఒక్క బండిలో ఇంతమంది ఎలా పట్టారా అని విస్తుపోయాను.

రెండు దళాల మధ్య నిలబడ్డవాడికి దక్కే మర్యాద ఎలాంటిదో మనకు తెలియనిది కాదు. యుద్ధం మొదట్లో చేరిన మోటారు డ్రైవర్లకు, అప్పట్లో బండి నడపడం తెలిసినవాళ్లు అరుదు గనుక, రోజుకు 6 షిల్లింగులు ఇచ్చారు. కందకంలో ఉన్న సామాన్య సిపాయికి దక్కేది 1 షిల్లింగు. ఆ తేడాకు కడుపు మండినవాళ్లు సర్వీస్ కోర్ మొత్తానికి ఒక హాస్యపత్రికలోని సోమరి పాత్ర పేరు తగిలించి ఎగతాళి చేశారు. గాయపడి స్ట్రెచర్ మీద పడుకున్న రోజున అదే సిపాయి ఆ ఆరు షిల్లింగులవాడి చేతుల్లో ఉండేవాడు.

1914 ఆగస్టులో ఫ్రాన్సుకు వెళ్లిన బ్రిటిష్ సేన క్షతగాత్రుల కోసం దాదాపు పూర్తిగా గుర్రపు బండ్లనే నమ్ముకొని వెళ్లింది. బెల్జియంలోని మాన్స్ నుంచి వెనక్కు తగ్గే క్రమంలో ఆ బండ్లు ఎందుకూ చాలలేదు, గాయపడినవాళ్లను వదిలి రావలసి వచ్చింది. అక్టోబరులో "ది టైమ్స్" పత్రిక ద్వారా రెడ్ క్రాస్ ప్రజలను చందాలు అడిగితే మూడు వారాల్లో 512 మోటారు అంబులెన్స్‌లకు సరిపడా డబ్బు వచ్చింది. దొరల కార్లకు వెనక భాగం కోసేసి చెక్కపెట్టె బిగించి పంపినవి కూడా వాటిలో ఉన్నాయి. ఆ తర్వాత సైన్యం కూడా యాభై బండ్ల చొప్పున మోటారు అంబులెన్స్ కాన్వాయ్‌లను ఏర్పాటు చేసుకుంది.

ప్రయాణం అంచెలంచెలుగా సాగేది. గాయపడినవాణ్ని మోతగాళ్లు భుజాల మీద కందకం వెనకనున్న ప్రథమ చికిత్స స్థలానికి తెస్తారు. అక్కడి నుంచి డ్రెస్సింగ్ స్టేషన్, ఆ తర్వాత శస్త్రచికిత్సలు జరిగే క్యాజువాల్టీ క్లియరింగ్ స్టేషన్, అక్కడి నుంచి రైలు, ఆ రైలు చేరే సముద్రతీరపు ఆస్పత్రి, అదృష్టవంతుడైతే ఇంగ్లండుకు ఓడ. మోతగాళ్ల భుజం దిగిన చోటు నుంచి రైలు పెట్టె దాకా ఉన్న దూరమంతా డ్రైవరుదే. ఆ దూరంలోనే రోడ్లు అన్నిటికంటే అధ్వానంగా ఉండేవి. ఫ్రాన్సులో, బెల్జియంలో పెద్దరోడ్లు గుండ్రాళ్లు పరిచినవి. వాటి మీద ఫిరంగి గుండ్లు తవ్విన గుంతలు, ఆ గుంతల్లో నీళ్లు. యుద్ధరంగానికి దగ్గర పడేకొద్దీ దీపాలు వెలిగించకూడదు. ముందు అద్దం వెన్నెలకు మెరిస్తే శత్రువు ఫిరంగికి ఆనవాలు దొరుకుతుంది గనుక చాలా బండ్లకు అద్దమే ఉండేది కాదు. వానా మంచూ నేరుగా ముఖాన కొడుతుంటే, వీపు వెనక నలుగురు మూలుగుతుంటే, కనిపించని రోడ్డును స్టీరింగు పట్టుకున్న చేతులతోనే తడుముకుంటూ పోవడం ఆ ఉద్యోగం.

ఆ స్థితిలో వాళ్లు ఎంత వేగంగా పోయేవారని చూస్తే, తీవ్రంగా గాయపడినవాళ్లు ఎక్కినప్పుడు మనిషి నడకను మించేవారు కాదు. వెళ్లేటప్పుడు ఖాళీ బండిని ఎంత తొక్కినా ఎవరూ ఏమీ అనరు. తిరిగి వచ్చేటప్పుడు ప్రతి గతుకునూ లెక్క పెట్టుకుంటూ రావాలి. మా పలమనేరు పెద్దమనిషి చెప్పిన మాటనే వందేళ్ల కిందటి డ్రైవర్ల చేతల్లో మళ్లీ చూశాను. అసలు ఆ గతుకులను కూడా తట్టుకోలేని వాళ్ల కోసం, అంటే తల, రొమ్ము, తొడ గాయాలవాళ్ల కోసం, ఫ్రాన్సు కాలువల్లో సరుకు పడవలను ఆస్పత్రి పడవలుగా మార్చి వాడారు. పడవ మోటారు బండి కంటే చాలా నిదానం. అయినా దాన్ని వాడింది అది కుదుపు లేనిది గనుకనే.

బెల్జియంలోని పెర్విజ్ అనే పల్లెలో ఎల్సీ నాకర్, మైరి చిజమ్ అనే ఇద్దరు బ్రిటిష్ మహిళలు చేసిన పని ఈ విషయాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకుపోతుంది. ఇద్దరూ మోటారుసైకిళ్లు నడిపిన సాహసులు. మైరికి అప్పటికి 18 ఏళ్లు. ఒక స్వచ్ఛంద అంబులెన్స్ దళంతో వెళ్లి, గాయపడినవాళ్లను బండ్లలో వెనక ఊరి ఆస్పత్రికి చేర్చే పనిలో ఉండగా, గాయం చిన్నదే అయినా దారిలోనే మనుషులు చనిపోతుండడాన్ని ఎల్సీ గమనించింది. నర్సు గనుక కారణం ఆమెకు అర్థమైంది: రక్తం పోయి, చలికి వణికి, దెబ్బకు అదిరిన శరీరం మళ్లీ కుదుపులను ఓర్చుకోలేకపోతోంది. దానితో 1914 నవంబరులో వాళ్లిద్దరూ కందకాలకు కూతవేటు దూరంలో, కూలిపోయిన ఇంటి నేలమాళిగలో మకాం పెట్టారు. గాయపడినవాణ్ని ముందు అక్కడ పడుకోబెట్టి, వెచ్చదనం ఇచ్చి, వేడిగా ఏదైనా తాగించి, ప్రాణం కుదుటపడిన తర్వాతే బండి ఎక్కించేవారు. వాళ్లు పనిచేసింది ప్రధానంగా బెల్జియం సైన్యం కోసం. అయినా 1917లో బ్రిటిష్ ప్రభుత్వం ఇద్దరికీ మిలిటరీ మెడల్ ఇచ్చింది.

తొడ ఎముక సంగతికి వస్తే నాకు చెప్పవలసినది ఎక్కువ ఉంది, ఎందుకంటే ఇక్కడ కథ మన పుత్తూరుకు దగ్గరగా వస్తుంది. అమ్మ పడిన రోజున బంధువులు సగం మంది ఆస్పత్రి వద్దనీ, పుత్తూరు కట్టు కట్టిద్దామనీ పట్టుపట్టారు. పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ. చిత్తూరు జిల్లాలో పుట్టినవాడికి ఆ కట్టు తెలియకుండా ఉండదు. ఆ వయసులో విరిగిన తుంటికి అది మందు కాదని నేను వాదించి గెలిచాను గానీ, ఎముక కట్టేవాళ్లంటే నాలో కాస్త చిన్నచూపు ఉన్న మాట నిజం. తర్వాత చదువుతున్నప్పుడు థామస్ స్ప్లింట్ సంగతి తెలిసి తల దించుకున్నాను. తొడ ఎముక తూటాకు విరిగితే దాని పదునైన మొనలు ప్రతి కుదుపుకూ లోపలి కండను కోస్తాయి, తొడలోనే చాలా రక్తం నిలిచిపోతుంది. యుద్ధం మొదటి రెండేళ్లలో అలాంటి గాయమైనవాళ్లలో నూటికి 80 మంది చనిపోయారని అంటారు. దానికి విరుగుడుగా వచ్చింది ఒక ఇనుప చట్రం. తొడ మొదట్లో తోలు చుట్టిన వలయం, అక్కడి నుంచి పాదం దాటేదాకా రెండు కడ్డీలు, చివర కాలిని లాగి కట్టే ఏర్పాటు. కాలు అలా లాగి ఉంచితే ఎముక మొనలు కదలవు. దీన్ని తయారుచేసిన హ్యూ ఓవెన్ థామస్ 19వ శతాబ్దపు లివర్‌పూల్ వైద్యుడు. ఆయన తండ్రీ తాతలూ వేల్స్ ప్రాంతానికి చెందిన, పేరుమోసిన ఎముకలు కట్టేవాళ్లు, అంటే అక్కడి పుత్తూరువాళ్లు. తోటి వైద్యులు ఆయన్ను బతికినన్నాళ్లూ పెద్దగా పట్టించుకోలేదు. ఆయన బంధువూ శిష్యుడూ అయిన రాబర్ట్ జోన్స్ యుద్ధకాలంలో ఆ చట్రాన్ని సైన్యంలో ప్రవేశపెట్టించాడు.

ఆ చట్రం ఆస్పత్రిలో కట్టేది కాదు, బండి ఎక్కక ముందే కట్టేది. అందులో ఉన్న తెలివంతా అక్కడే ఉంది. బూటు విప్పకుండా, ప్యాంటు మీదనే కట్టేలా మోతగాళ్లకు తర్ఫీదు ఇచ్చారు; చీకట్లో పని గనుక కళ్లకు గంతలు కట్టి మరీ సాధన చేయించారు. 1917లో ఫ్రాన్సులోని అరాస్ యుద్ధం నాటికి ఇలా కట్టి తెచ్చిన వెయ్యిమందికి పైగా క్షతగాత్రుల్లో మరణించినవాళ్లు నూటికి 16 మంది లోపే. ఆ ఇద్దరు ఆడవాళ్లు నేలమాళిగలో కనిపెట్టినదీ, ఈ ఇనుప చట్రం చేసినదీ, డ్రైవరు గేరు తగ్గించి చేసేదీ ఒకటే పని, కదలకూడని దాన్ని కదలనివ్వకపోవడం. సైరన్ మోత వినగానే దారి ఇచ్చి దణ్ణం పెట్టే మనం ఆ పనిని చూడం. అది బయటికి కనిపించదు.

దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో మెసపొటేమియాలో తెలిసింది. నేటి ఇరాక్. 1915 నవంబరులో బాగ్దాద్‌కు చేరువలో టెసిఫాన్ దగ్గర జరిగిన యుద్ధంలో పాల్గొన్న సేనలో ఎక్కువమంది భారతీయులే. అక్కడ మోటారు అంబులెన్స్‌లు లేవు. గాయపడినవాళ్లను సరుకులు మోసే ఇనుప బండ్లలో వేశారు. ఆ బండ్లకు కమాన్ పట్టీలు కూడా లేవు, కంచర గాడిదలు లాగేవి. మన ఊళ్లలో కాన్పు నొప్పులు వచ్చిన ఆడమనిషిని ఎద్దులబండిలో తీసుకుపోవలసి వస్తే, బండి నిండా వరిగడ్డి మోకాలెత్తున పరిచి, దాని మీద బొంత వేసి, ఎద్దుల మెడలోని గంటలు కూడా విప్పి, బండి తోలేవాడు పక్కన నడుస్తూ పోయేవాడని మా అవ్వ చెప్పేది. అంతటి సామ్రాజ్యానికి ఆ గడ్డి తోచలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటామే, ఆ సిపాయిలకు అది సామెత కాదు, మైళ్ల కొద్దీ ప్రయాణం. నది ఒడ్డుకు చేరిన తర్వాత స్టీమర్లలో కిక్కిరిసి బస్రాకు చేరేసరికి వాళ్ల స్థితి ఎంత ఘోరంగా ఉందో మేజర్ కార్టర్ అనే ఇండియన్ మెడికల్ సర్వీస్ వైద్యుడు ఉన్నది ఉన్నట్టు రాసిపెడితే, పైఅధికారులు అతన్నే బెదిరించారు. చివరికి విచారణ సంఘం వేయక తప్పలేదు. 1917లో దాని నివేదిక బయటికి వచ్చాక ఇండియా వ్యవహారాల మంత్రి ఆస్టిన్ ఛాంబర్లిన్ రాజీనామా చేశాడు. కమాన్ పట్టీలు లేని బండి ఒక మంత్రి పదవిని కూల్చిందని నేను క్లాసులో చెప్పి ఉంటే పిల్లలు గుర్తుపెట్టుకునేవారు.

మోటారు రాకముందు ఈ పని చేసింది మనిషి భుజం. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం కోసం గాంధీ అక్కడి నేటాల్‌లో సమకూర్చిన భారతీయ అంబులెన్స్ దళంలో సుమారు 1,100 మంది ఉండేవారు. వాళ్లలో 300 మంది స్వతంత్రులు, మిగిలినవాళ్లు గిర్మిట్ ఒప్పందం మీద వెళ్లిన కూలీలు. 1900 జనవరిలో స్పియాన్ కోప్ పోరు రోజుల్లో క్షతగాత్రులను మోస్తూ రోజుకు 20 నుంచి 25 మైళ్లు నడిచామని గాంధీయే రాసుకున్నారు. మద్రాసు రేవు నుంచి నేటాల్ వెళ్లిన కూలీల్లో ఉత్తర ఆర్కాటు జిల్లావాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1911లో చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడేదాకా ఆ ఉత్తర ఆర్కాటుకు ముఖ్యపట్టణం మన చిత్తూరే. కాబట్టి ఆ స్ట్రెచర్ కర్రల కింద మన తాలూకాల భుజాలు కూడా ఉండి ఉంటాయని నా ఊహ. తిరుమల కొండ మీదికి డోలీలు మోసిన నేల ఇది. అడుగులు కలిపి, పడుకున్నవాడు కదలకుండా మెట్లెక్కడం ఇక్కడివాళ్లకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. దళ నాయకులకు యుద్ధ పతకాలు వచ్చాయి. కూలీలు మళ్లీ తమ తోటలకు, గనులకు వెళ్లిపోయారు.

ఆడవాళ్ల సంగతి చెప్పకుండా ముగించలేను. 1907లో ఏర్పడిన ఫస్ట్ ఎయిడ్ నర్సింగ్ యోమన్రీ అనే బ్రిటిష్ మహిళల స్వచ్ఛంద దళం సభ్యులు మొదట గుర్రాల మీద పోయి గాయపడినవాళ్లను తేవాలనుకున్నారు. 1914లో బ్రిటిష్ సైన్యం వాళ్లను వద్దంటే బెల్జియం సైన్యానికి పనిచేశారు. 1916 జనవరి 1 నుంచి ఫ్రాన్సులోని కలే రేవులో వాళ్లు బ్రిటిష్ సైన్యానికే అధికారికంగా బండ్లు నడిపారు. ఆ సైన్యం కోసం అలా నడిపిన తొలి మహిళలు వాళ్లే. జీతం లేదు. రైలు దిగిన క్షతగాత్రులను ఆస్పత్రులకూ, ఆస్పత్రుల నుంచి ఓడలకూ చేర్చడం వాళ్ల పని. చలికాలంలో రేడియేటర్లలో నీళ్లు గడ్డకట్టకుండా రాత్రంతా ఉండుండి లేచి, ప్రతి బండికీ హ్యాండిల్ తిప్పి ఇంజను వేడెక్కించి, మళ్లీ వచ్చి పడుకునేవారు. తెల్లవారగానే బండి వెనక భాగంలోని రక్తమూ వాంతులూ కడగడం కూడా వాళ్ల వంతే. ఎవరో కడిగిన బండి ఎక్కి వాళ్లు పేరు తెచ్చుకోలేదు. యుద్ధం ముగిసేనాటికి వాళ్లకు 17 మిలిటరీ మెడల్స్ దక్కాయి. పతకాల పట్టికల కంటే ఆ హ్యాండిల్ తిప్పడమే నాకు ఎక్కువ గుర్తుండిపోయింది.

రెండో ప్రపంచయుద్ధం నాటికి బండి మెరుగైంది. బర్మింగ్‌హామ్ దగ్గరి లాంగ్‌బ్రిడ్జ్ కార్ఖానాలో ఆస్టిన్ కంపెనీ సుమారు 13,000 కె2 అంబులెన్స్‌లు తయారుచేసింది. సిపాయిలు దాన్ని ముద్దుగా "కేటీ" అనేవారు. వెనక నాలుగు స్ట్రెచర్లు గానీ, కూర్చోగలిగిన పదిమంది గానీ పట్టేవారు. గాయపడినవాళ్లుండే వెనక భాగానికి హీటర్ ఉంది. డ్రైవరు పక్కన తలుపుకు బదులు కాన్వాసు గుడ్డ. గేరు మార్చాలంటే డబుల్ క్లచ్ కొట్టాలి, అంటే క్లచ్‌ను రెండుసార్లు తొక్కాలి, లేకపోతే బండి ఎగురుతుంది, ఆ ఎగురు వెనకవాళ్ల గాయాలకు తగులుతుంది. రాత్రి వరుసగా పోయే సైనిక బండ్లకు హెడ్‌లైట్లు ఉండవు గనుక, ప్రతి బండి వెనక ఇరుసు మధ్యనున్న గుండ్రటి భాగానికి తెల్లరంగు వేసి, దాని మీద మాత్రమే పడేలా ఒక చిన్న దీపం బిగించేవారు. వెనక బండివాడు ఆ తెల్లమచ్చను చూసుకుంటూ నడపాలి. మచ్చ పెద్దదైతే దగ్గరికి వచ్చినట్టు, చిన్నదైతే వెనకబడినట్టు.

బర్మా సరిహద్దుల్లో ఆ కేటీలు కూడా పోలేని చోట జీపుల మీద చట్రాలు బిగించి స్ట్రెచర్లు కట్టారు. 1943లో అక్కడ గాయపడి వచ్చిన ఒక్క సిపాయికి జబ్బుపడి వచ్చినవాళ్లు 120 మంది అని అక్కడి బ్రిటిష్ సేనాని జనరల్ స్లిమ్ లెక్క చెప్పాడు. అంటే ఆ డ్రైవర్లు మోసింది తూటా దెబ్బల కంటే మలేరియా, విరేచనాల జనాన్నే ఎక్కువ. 1944లో ఆ సరిహద్దులోని కోహిమా దగ్గర జపాన్ సేనతో పోరు సాగుతున్న రోజుల్లోనే మన తిరుమల మొదటి ఘాట్ రోడ్డు తెరుచుకుంది. డోలీ మోసేవాళ్ల నుంచి డ్రైవర్లకు మన కొండ మారిన ఏడాది అది.

ఇక రిచర్డ్ మాస్టర్స్. ఇతని కోసమే ఇంత రాశానని చెప్పినా తప్పు లేదు. 141వ ఫీల్డ్ అంబులెన్స్‌కు అరువు వచ్చిన ఆర్మీ సర్వీస్ కోర్ డ్రైవరు, హోదా ప్రైవేట్, అంటే సామాన్య సిపాయి. 1918 ఏప్రిల్ 9న, జర్మన్లు లిస్ నది వెంబడి పెద్ద దాడి మొదలుపెట్టిన రోజున, ఫ్రాన్సులోని బెతూన్ దగ్గర రాకపోకలు తెగిపోయాయి. ముందున్న క్షతగాత్రులను వెనక్కు తేవడానికి దారి లేదు, ఆ రోడ్డున పోవడం సాధ్యం కాదని కబురు. మాస్టర్స్ తాను ప్రయత్నిస్తానన్నాడు. దారికి అడ్డంగా పడినవాటినన్నిటినీ తొలగించుకుంటూ వెళ్లాడు. ఆ మధ్యాహ్నమంతా గుండ్లూ మిషన్‌గన్ తూటాలూ కురుస్తున్న ఆ రోడ్డు మీద ఒక ట్రిప్పు తర్వాత ఒక ట్రిప్పు వేస్తూనే ఉన్నాడు; ఒకసారి విమానం అతని మీద బాంబు వేసింది. అక్కడి నుంచి తరలించిన సుమారు 200 మందిలో అత్యధికులను తెచ్చింది అతనే, ఎందుకంటే ఆ దారిలో అవతలికి చేరగలిగింది అతని బండి ఒక్కటే. అతనికి బ్రిటిష్ సైన్యంలో అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ ఇచ్చారు.

పోయిన నెల ఆ పలమనేరు పెద్దమనిషి స్వామి దర్శనానికి వచ్చి, దిగుతూ మా ఇంటికి వచ్చాడు. అమ్మ కర్ర పట్టుకొని లోపలి నుంచి వచ్చి, "బాగుండావా నాయనా" అని పలకరించి, కాఫీ తెప్పించింది. నేను ఆయనకు మాస్టర్స్ కథ మొత్తం చెప్పాను. కళ్లు చెమరుస్తాయనుకున్నాను. ఆయన వేళ్లు మడిచి లెక్క వేసుకున్నాడు.

"రెండు వందల మందా సార్? ట్రిప్పుకు నలుగురు లెక్కన యాభై ట్రిప్పులు. ఒక మధ్యాహ్నానికి ఒక్క బండితో అన్ని కావు. కూర్చోగలిగినోళ్లను ఎక్కువ ఎక్కించి ఉంటాడు. పక్క మెట్ల మీద గూడా నిలబెట్టి ఉంటాడు."

కాసేపు ఆగి మళ్లీ అన్నాడు: "అడ్డమొచ్చినవి తానే దిగి తీసినాడంటుండారు గదా. అప్పుడు ఇంజను ఆపి ఉండడు. ఆపితే మళ్లీ హ్యాండిల్ తిప్పాల." కాఫీ గ్లాసు కింద పెట్టి నా వైపు చూశాడు. "మరి పెట్రోలు ఎక్కడ పోసుకున్నాడు సార్?"

ఆయన వెళ్లిపోయాక ఆ పతకంతో ఇచ్చిన ప్రశంసా పత్రాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాను. పెట్రోలు మాట అందులో లేదు.